పంటు ఎక్కని కంకర

మా డెల్టాలో రాయి పుట్టదు. తవ్వితే నల్లమట్టి, ఇంకాస్త తవ్వితే ఇసుక, ఆ కింద నీళ్ళు. మామిడికాయ రాల్చుకోవడానికి రాయి కోసం వెతికినవాడికి కొబ్బరి డొక్క దొరుకుతుంది, ఇటుక పెళ్ళ దొరుకుతుంది, రాయి మాత్రం దొరకదు. అందుకని ఇక్కడ ఎవరు ఇల్లు కట్టినా, పంచాయతీ రోడ్డు వేసినా, మురుగు కాలువ మీద నాలుగు బారల వంతెన కట్టినా అందులో పడే ప్రతి కంకర ముక్కా కొవ్వూరు పైనున్న మెట్ట క్వారీల్లో పగిలి, లారీ ఎక్కి, కాలువ గట్ల వెంబడి ఊగుతూ రావలసిందే. మా దగ్గర రాయి ధర కన్నా రాయి ప్రయాణం ధర ఎక్కువ.

ఆ ప్రయాణాన్ని లెక్కగట్టే కాగితాన్ని మా వృత్తిలో లీడ్ స్టేట్‌మెంట్ అంటారు. సామాను ఏది, ఎక్కడి నుంచి వస్తుంది, ఏ దారిన వస్తుంది, ఎన్ని కిలోమీటర్లు, కిలోమీటరుకు ఎంత. అంతా కలిపి ఒక పేజీ. అంచనా ఫైలులో అందరూ చదవకుండా తిప్పేసే పేజీ అది. నా కోపమంతా ఆ పేజీ గురించే.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి రాజమండ్రిలో ఒక చిన్న కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. ప్రభుత్వ శాఖలు తమ పనులకు అంచనాలు తయారుచేసి ఇమ్మని మా ఆఫీసుకు పంపుతాయి. మేం కొలిచి, గీసి, లెక్కగట్టి పంపుతాం. వాళ్ళు సంతకం పెడతారు. పొద్దున ఉద్యోగం, సాయంత్రాలు ఆన్‌లైన్‌లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు. ఆ కోర్సులో చెప్పిన ప్రకారం ఖర్చు అంచనా వేయడానికి ముఖ్యమైన దారులు మూడున్నాయి. ఇలాంటి పని ఇంతకు ముందు ఎక్కడైనా జరిగితే దానికెంతయిందో చూసి, తేడాలు సర్దుకుని చెప్పడం మొదటిది. మీటరుకింత, చదరపు అడుగుకింత అని ఒక రేటుతో గుణించడం రెండోది. పనిని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు విడిగా ధర కట్టి, కింది నుంచి పైకి కూడుకుంటూ రావడం మూడోది. కష్టమైనదీ, నమ్మదగినదీ ఈ మూడోదే. నాకు ఇష్టమైనదీ అదే.

మా ఆఫీసులో నడిచేది నాలుగోది. అది ఏ కోర్సులోనూ చెప్పరు. పైనుంచి మొత్తం ముందే వచ్చేస్తుంది. ఆ మొత్తం కింద సరిపోయేట్టు ముక్కలు మనం అల్లుకురావాలి. తల ముందు కొలిచి టోపీ కుట్టడం కాదు, కుట్టేసిన టోపీలో తల దూర్చడం.

ఇలాంటివి నేను చాలా చేశాను, లోపల తిట్టుకుంటూనే చేశాను. కాని ఒక వంతెన విషయంలో మాత్రం తిట్టుకుని ఊరుకోలేకపోయాను. ఎందుకంటే ఆ వంతెనకు అవతల మా బావ పొలం ఉంది.

పొలం అంటే సొంతం కాదు, కౌలు. మా అక్కనిచ్చిన ఊరు గోదావరి పాయకు అవతలి ఒడ్డున, కోనసీమ వైపు ఉంది. మాది ఇవతలి ఒడ్డు పట్నం. మధ్యలో పంటు. రెండు పడవలు జతచేసి, పైన చెక్క పరిచి, ఇంజను పెట్టి నడిపే పంటు మీద మనుషులు, బైకులు, కార్లు దాటుతుంటాయి. అక్క ఊరి చివర ఒక పెద్ద డ్రెయిను ఉంది. దాని అవతల ఇరవై మంది దాకా రైతులు సాగుచేసుకునే పొలాలు. ఆ డ్రెయిను మీది పాత ఇటుక వంతెన ఒక పక్కంతా కూలిపోయింది. తాటి దుంగలు పేర్చి పైన మట్టి పోశారు. దాని మీద మనిషి నడుస్తాడు, బైకు జాగ్రత్తగా వెళ్తుంది. వరికోత మిషను వెళ్ళదు.

మిషను వెళ్ళకపోతే ఈ రోజుల్లో వరి లేదు. కొడవలి పట్టే మనుషులు లేరు. ఉన్న కొద్దిమందినీ బతిమాలి, ఇద్దరి కూలి ఒకరికిచ్చి బావ ఒక సార్వా, ఒక దాళ్వా కోయించాడు. ఆ రెండు పంటల్లోనూ అతనికి మిగిలింది గడ్డి. ఆ పొలం కామందు గారు భీమవరంలో ఉంటారు. చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులైపోతున్నాయి. ఆయన ఫోను చేసి చాలా మర్యాదగానే చెప్పారట.

"చూడవయ్యా, నాకూ చెరువంటే సరదా లేదు. ఈ ఏడు కాలవలు కట్టేసినప్పుడు వంతెన పడిందా సరే, కౌలు నీదే. పడలేదా, పొక్లెయిను దింపేస్తాను. ఏమనుకోకు."

వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేసే ఆ కొద్ది వారాల్లోనే మా దగ్గర నీటి మీది పనులన్నీ జరగాలి. జూన్‌లో నీళ్ళు వదిలితే మళ్ళీ ఏడాదికే. పొక్లెయినుకు ఆ బాధ లేదు. డ్రెయిను తగ్గినప్పుడు ఏకంగా అందులో దిగి అవతలి గట్టెక్కేస్తుంది. పొలాన్ని చెరువు చేయడానికి వంతెన అక్కర్లేదు. పొలాన్ని పొలంగా ఉంచడానికే కావాలి.

ఆ వంతెన ఫైలు మా ఆఫీసుకే వచ్చింది. అది మా అక్క ఊరని మా సారుకు ముందే చెప్పాను. మా సారు అంటే కన్సల్టెన్సీ యజమాని, శాఖలోనే పనిచేసి రిటైరైన మనిషి.

"అయితే మరీ మంచిది. సైటులో భోజనం దొరుకుద్ది," అన్నారు.

కొలతలకు వెళ్ళిన రోజు బావ పంచె ఎగ్గట్టి, టేపు చివర పట్టుకుని బురదలోకి దిగాడు. పై చివర నా చేతిలో ఉంది. గట్టు మీద అక్క, ఇంకో పది మంది.

"ఏరా ఇంజనీరూ, ఎంతవుద్దో చెప్పవేంటి?"

"ముందు కొలవనీ బావా."

"కొలవకుండా చెప్పేవాడే ఇంజనీరు. కొలిచాక నేనూ చెప్తాను."

"మీ ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ ఉండండి, నీళ్ళు వదిలేస్తారు," అంది అక్క గట్టు మీంచి.

కొలతలు సరిగ్గా వచ్చాయి. కోత మిషను ఎంత వెడల్పుంటుందో, దాన్ని మోసుకొచ్చే లారీతో కలిపి ఎంత బరువుంటుందో కనుక్కుని దానికి తగ్గ స్లాబు గీశాను. ఇసుకకు దిగులు లేదు, గోదావరి పక్కనే ఉంది. సిమెంటు, ఇనుము పట్నంలో దొరుకుతాయి. మిగిలింది కంకర. క్వారీ నుంచి పట్నం దాకా దారి మామూలే. పట్నం నుంచి ఊరికి రెండు దారులున్నాయి. పంటు దాటితే నాలుగు కిలోమీటర్లు. లేదా ఎగువకు వెళ్ళి, పెద్ద వంతెన మీదుగా పాయ దాటి, అవతలి ఒడ్డున మళ్ళీ దిగువకు రావాలి. అలా అయితే నలభై.

కంకర లోడు చేసిన టిప్పరు పంటు ఎక్కదు. ఇది చెప్పడానికి చదువు అక్కర్లేదు. నేను నలభై వేశాను.

అలా వేసేసరికి మొత్తం ఒక గీత దాటింది. ఆ గీత ఏమిటంటే, శాఖ డివిజన్ ఆఫీసులో పెద్ద ఇంజనీరు, డీఈ గారు, తన సంతకంతో మంజూరు చేయగలిగిన పరిమితి. దాని లోపలుంటే టెండరు కూడా లేకుండా ఊళ్ళోవాళ్ళకే పని ఇచ్చేయవచ్చు. దాటితే ఫైలు పై ఆఫీసుకు వెళ్ళాలి. దాటింది ఎక్కువేం కాదు. కంకర దూరం ఎంతో అంత.

మా సారు ఫైలు తిరగేసి, ఎన్నడూ ఆగని పేజీ దగ్గర ఆగారు.

"ఏమయ్యా, ఎదురుగా రేవు పెట్టుకుని ఊళ్ళన్నీ తిప్పుతున్నావేంటి కంకరని?"

"లోడు టిప్పరు పంటు ఎక్కదండి."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనక్కర్లేదండి. మునిగిపోద్ది."

ఆయన ఫోను తీసి ఒక ఫొటో చూపించారు. రేవులో పెట్టిన ధరల బోర్డు. సైకిలు, బైకు, ఆటో, కారు, చివర్న మినీ వ్యాను.

"ఇదేంటి? చదువు."

"మినీ వ్యానండి."

"మరి? వాహనం వెళ్ళే దారే కదా. రూల్లో ఏముంది? వాహనం వెళ్ళగలిగే దారుల్లో దగ్గరిది వెయ్యాలి. పైగా ఇది చూడు," అని ఫైలు చివర పిన్ను చేసిన అర్జీ తీశారు.

అది ఊరివాళ్ళు పెట్టుకున్న అర్జీ. దస్తూరీ బావది. మొదటి వాక్యంలోనే ఇలా ఉంది: 'మా గ్రామము పట్టణమునకు కేవలము నాలుగు కిలోమీటర్ల దూరములోనే ఉన్నది.'

నాకు తల కొట్టుకోవాలనిపించింది. మా వైపు దూరం ఎప్పుడూ రేవు మీదుగానే చెబుతారు. సంబంధం మాట్లాడేటప్పుడు, పొలం అమ్మేటప్పుడు, డాక్టరును రమ్మని బతిమాలేటప్పుడు కూడా అంతే. 'ఎంతండీ, అదిగో కనబడతన్నాయి కదండీ కొబ్బరిచెట్లు, అదే.' తమ ఊరు ఎక్కడో మూల పడిలేదని, పట్నం పక్కనే ఉందని చెప్పుకోవడం ఒక గౌరవం. వంతెన అడిగే కాగితంలో కూడా ఆ గౌరవం వదులుకోలేదు. మారుమూల ఊరని రాస్తే ఎవరూ పట్టించుకోరని భయపడి, పక్కనే ఉన్నామని రాశారు. ఆ మాటనే పట్టుకుని వాళ్ళ కంకరని గోదాట్లోంచి నడిపిస్తున్నారు.

మర్నాడు నేనూ మొండికేశాను. వ్యాను దారైతే వ్యాను రేటే వేస్తానని, మినీ వ్యానులో ఎంత కంకర పడుతుందో, అన్ని ట్రిప్పులకు పంటు ఛార్జీ ఎంతో, రెండు ఒడ్డుల్లోనూ ఎత్తి దింపడానికి ఎంతో మొత్తం కట్టి పట్టుకెళ్ళాను. చుట్టూ తిరిగొచ్చే ఖర్చు కన్నా అదే ఎక్కువ తేలింది. చూశాక ఆయన వాదన మానేస్తారనుకున్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వ్యాను రేటు వెయ్యమని ఎవరన్నారయ్యా? దారి వ్యానుది వెయ్యి. రేటు టిప్పరుది వెయ్యి."

బస్సు టిక్కెట్టు కొని విమానంలో కూర్చుంటానన్నట్టుంది. చిన్న బండి వెళ్ళే దారి, పెద్ద బండికిచ్చే ధర. పెద్ద బండి ఒకేసారి ఎక్కువ మోస్తుంది కాబట్టి దాని రేటు తక్కువ. చిన్న బండి పంటు ఎక్కుతుంది కాబట్టి దాని దారి తక్కువ. రెండు తక్కువలూ ఏరుకుని జతచేస్తే అది ఈ భూమ్మీద ఏ బండిదీ కాదు. అలాంటి బండి మీద ఒక ఊరి వంతెన వస్తుందని కాగితం రాయమంటున్నారు.

"పోనీ వంతెన వెడల్పు తగ్గించు, నీ దారి నీకుంచేస్తాను," అన్నారు ఆయనే, బేరంగా.

"తగ్గిస్తే మిషను పట్టదండి. మిషను పట్టకపోతే వంతెనెందుకండి?"

"నీకు చదువు ఎక్కువైంది," అన్నారు.

నేను ఆ ఫైలు పట్టుకుని నేరుగా డీఈ గారి ఆఫీసుకు వెళ్ళాను. అది సారుకు నచ్చని పనని నాకు తెలుసు. డీఈ గారి గురించి రకరకాలుగా విన్నాను కాని, మనిషి నన్ను కూర్చోబెట్టి, ఫ్యాను నా వైపు తిప్పి, లీడ్ పేజీ మొత్తం వేలు పెట్టి చదివారు. ఆ పేజీని అలా చదివిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

"నువ్వు రాసింది కరెక్టే బాబూ," అన్నారు. "నేను కాదనను. లోడు బండి పంటెక్కదు. నేనూ ఆ రేవులో దాటినవాణ్ణే."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడు విను. కరెక్టు ఎస్టిమేటు నా పరిమితి దాటింది. సర్కిలు ఆఫీసుకి పంపాలి. అక్కడ వాళ్ళు ప్రశ్నలేసి, మనం జవాబులు రాసి, తిరిగొచ్చేసరికి కాలవలకి నీళ్ళు వదిలేస్తారు. మీ సారు చెప్పినట్టు రాసిచ్చావనుకో, ఇదే కుర్చీలో కూర్చుని ఇప్పుడే సంతకం పెడతాను. రేపట్నుంచి పని చేసుకోవచ్చు. ఏది కావాలో నువ్వే చెప్పు."

"తప్పు ఎస్టిమేటు మీద పని తీసుకున్నవాడు నష్టపోతాడు కదండీ?"

"తీసుకునేవాళ్ళు చూసుకుంటారు."

నా కోపం అక్కడ తిరిగి తిరిగి కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. ఆయన లంచం అడగలేదు. అబద్ధం ఆడలేదు. నిజం నిజమేనని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, నిజానికి ఏడాది పడుతుంది, అబద్ధానికి ఒక సంతకం చాలు, ఎంచుకో అన్నారు. ఎంచుకోమనడం కూడా ఏదో మర్యాద చేసినట్టే అన్నారు. ఆ పరిమితి ఎవరో ఏనాడో గీసిన గీత. దాన్ని దాటకుండా ఉండటానికి రాష్ట్రంలో ఎన్ని ఫైళ్ళలో ఎన్ని కంకర లోడ్లు నదుల మీద నడుస్తున్నాయో నాకు తెలియదు. డబ్బు మిగలదు, ఎవడూ బాగుపడడు. ఒక కాగితం తేలిగ్గా కదలడం కోసం ఒక ఊరి బరువు పెరుగుతుంది.

పని తీసుకోబోయేది ఊరివాళ్ళు, ఎంచుకోవలసిందీ వాళ్ళే కాబట్టి ఆ సాయంత్రమే పంటు దాటి బావ దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో టీ కొట్టు దగ్గర అవతలి పొలాల రైతులంతా ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. కంకర పట్నం రేవు దాకా వచ్చే ఖర్చు మాత్రమే ఈ మొత్తంలో ఉంటుందని, అక్కణ్ణుంచి ఊరికి నలభై కిలోమీటర్లు ఎవరో ఒకరు తమ జేబులోంచి తేవాలని చెప్పాను.

"ఓస్ అంతేనా," అన్నాడు బావ. "ట్రాక్టర్లు మనవే కదరా."

"డీజిలో?"

"తలా కాస్తా పోసుకుంటాం."

"డ్రైవర్లు?"

"నేను లేనూ? ఈడు లేడూ?"

"నీ రోజు కూలి?"

అందరూ నవ్వారు.

"మన పని మనం చేసుకుంటే కూలేంటిరా? రేపు మీ అక్క వండినందుకు కూడా లెక్కేస్తావేంటి?"

"అబ్బాయ్, ఆ లెక్క మాత్రం ఎయ్యకు," అన్నాడు పక్కనున్న పెద్దాయన. "మా ఆవిడికి తెలిసిందంటే పాతబాకీలు తీస్తాది."

నేను నవ్వలేకపోయాను. నా వృత్తిలో మొదటి పాఠం, ఖర్చు కనబడకపోతే లేనట్టు కాదని. మా డెల్టాలో మొదటి పాఠం దానికి తలకిందులు. మనది అన్నదానికి ధర ఉండదు. మన ట్రాక్టరు, మన చెమట, మన పెళ్ళాం వంట, మన కొబ్బరి దుంగ. పరాయివాడిది అయితే పైసా పైసా బేరమాడతారు; మనదైతే ఎంత పోయినా పోయినట్టు కాదు. ఆ ఔదార్యం మీద ఎవరైనా ఎంతైనా మోపవచ్చు. మోపారు.

"రెండో దారి చెబుతున్నాను వినండి," అన్నాను. "సరైన ఎస్టిమేటు పంపిద్దాం. ఏడాది ఆగితే పూర్తి డబ్బు వస్తుంది."

బావ గ్లాసు కింద పెట్టాడు.

"ఏడాది ఎవరికుందిరా? మీరందరూ ఆగుతారు. పొక్లెయిను ఆగుద్దా?"

నేను మర్నాడు ఆఫీసుకెళ్ళి లీడ్ పేజీలో నలభై కొట్టేసి నాలుగు వేశాను. నా చేత్తోనే వేశాను. సారు టీ తెప్పించారు. ఆ టీ నేను తాగలేదు.

మే నెలలో క్వారీ టిప్పర్లు కాగితంలో డబ్బు ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా వచ్చి, పట్నం రేవు పక్క ఖాళీ స్థలంలో కంకర పోసి వెళ్ళిపోయాయి. అవతలి ఒడ్డు నుంచి చూస్తే ఆ గుట్ట కనబడేది. కనబడుతున్న గుట్ట కోసం ఊరి ట్రాక్టర్లు పొద్దున్నే బయలుదేరి ఎగువకు వెళ్ళి, పెద్ద వంతెన దాటి, ఇవతలి ఒడ్డున దిగువకు వచ్చి, లోడు వేసుకుని, మళ్ళీ అదే దారిన వెనక్కి వెళ్ళేవి. ఆ ఎండలో ఆ ఇనుప సీటు మీద కూర్చుని నలభై కిలోమీటర్లు పోవడం, నలభై రావడం. బావ ముఖం మాడిపోయింది. ఒక ట్రాక్టరు వెనక ట్రక్కు ఇరుసు విరిగి దారి మధ్యలో ఒక పూటంతా ఆగిపోయింది. నేను ఆదివారాలు వెళ్ళి కాంక్రీటు చూసేవాణ్ణి.

ఒక ఆదివారం అక్క నన్ను పట్టుకుంది.

"మీ లెక్కలేంటో నాకు తెలీదు గానీ, మనిషి రాత్రిళ్ళు నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. అది ఎందులో రాశార్రా మీరు?"

"ఎందులోనూ రాయలేదక్కా."

"మరి ఇంజనీరువెందుకైనట్టు?" అని లోపలికి వెళ్ళి నాకు అన్నం పెట్టింది.

కాలువలకు నీళ్ళు వదిలే ముందే స్లాబు పడింది. సార్వా కోతలకు మిషను లారీ మీంచి దిగి, చైన్ల మీద కదులుతూ వంతెన మీదికి వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టారు, నేను తప్ప. నాకు ఆ స్లాబు గురించి అనుమానం లేదు. అది దాటి పొలంలోకి దిగగానే బావ ఫోను తీసి, మిషను చప్పుడు వినబడేట్టు పట్టుకుని కామందు గారితో మాట్లాడాడు.

"ఆయ్, కోసేత్తన్నామండీ... ఆయ్, మిషనేనండీ... సిత్తం, అలాగేనండీ."

ఫోను పెట్టేసి నా వైపు చూసి, "ఇంకో మూడేళ్ళు రాసిస్తానన్నార్రా," అన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు గాని ముక్కు చీదాడు.

కోపం అక్కడితో పోవాలి. పొలం దక్కింది, చెరువు తప్పింది. నాకు పోలేదు. ఎందుకంటే ఆ వారమే మా ఆఫీసులో పూర్తయిన పనుల పట్టికలో ఆ వంతెనను చేర్చమన్నారు. ఆ పట్టికే మేం పోలికకు వాడేది. మొదట చెప్పిన మూడు పద్ధతుల్లో మొదటిది దాని మీదే నడుస్తుంది. పక్కన ఇంకో ఊరికి ఇలాంటి వంతెన వస్తే, దీనికెంతయిందో చూసి దానికి వేస్తారు. కాగితం ప్రకారం దీనికి ఎంతయింది? మంజూరైనంతే. ఒక్క రూపాయి ఎక్కువ కాలేదు. సకాలంలో, అనుకున్న ఖర్చులో పూర్తయిన ఆదర్శమైన పని. డీఈ గారు మీటింగులో కూడా చెప్పారట.

అంటే ఆ బండి, ఏ భూమ్మీదా లేని ఆ బండి, ఇప్పుడు నిజమైపోయింది. ఊరు తన వీపు మీద మోసి దాన్ని నిజం చేసింది. ఇక ప్రతి ఊరూ దాని రేటుకే పని చేయాలి. ట్రాక్టర్లు లేని ఊరికి, ఉన్నా తలా కాస్త డీజిలు పోసుకోలేని ఊరికి వంతెన రాదు. 'అక్కడ అయింది కదా, ఇక్కడెందుకు కాదు?' అంటారు.

నేను ఒక కాగితం రాసుకుని ఊరికి వెళ్ళాను. పట్నం రేవు నుంచి కంకర గ్రామస్తులు తమ సొంత ఖర్చుతో తెచ్చుకున్నారని, ఇన్ని ట్రాక్టర్లు, ఇన్ని ట్రిప్పులు అని వివరంగా రాశాను. కింద రైతుల సంతకాలు పెట్టించమన్నాను. బావ అరుగు మీద కూర్చుని మొత్తం చదివాడు.

"ఇది ఎవరికిస్తావురా?"

"ఫైల్లో పెడతాను."

"పెడితే?"

"అసలు ఖర్చెంతో తెలుస్తుంది."

"తెలిస్తే డీఈ గారి సంతకం తప్పని కూడా తెలుస్తాది కదా. ఆయన్ని అడుగుతారు. ఆయనే కదరా మనకి పని ఇచ్చింది. అన్నం పెట్టినోణ్ణి ఇరికిస్తామా?"

"అన్నం పెట్టింది ఆయన కాదు బావా. నువ్వు నలభై కిలోమీటర్లు..."

"ఒరేయ్. రేపు ఎంక్వయిరీ అంటారు. వంతెన చూడ్డానికొస్తారు, కొలుస్తారు, ఆపుతారు. భీమవరంలో ఆ మాట వినబడిందనుకో, ఏదో గొడవుందంటయ్యా ఆ పొలాల్లో అని పొక్లెయిను దింపేస్తారు. నాకు మూడేళ్ళు ఇప్పుడే వచ్చినయ్యి." కాగితం నాలుగు మడతలు పెట్టి నా జేబులో తనే పెట్టాడు. "నీ కోపం మంచిదేరా. దాన్ని మా పొలంలో మాత్రం తవ్వకు."

అతని మీద కూడా కోపం వచ్చింది. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అంటానని తెలిసి ఇంకా ఎక్కువ వచ్చింది. తమకు జరిగిన అన్యాయానికి సాక్ష్యం చెప్పడానికి కూడా మనుషులు భయపడేట్టు చేయగలిగితే, ఆ అన్యాయం కాగితాల మీద ఎప్పటికీ జరగనట్టే. దానికి ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. ఒక్క పేజీ ఎవరూ చదవకపోతే చాలు.

ఆఫీసుకు వచ్చి పట్టిక తెరిచాను. ఊరి పేరు, పని పేరు, పొడవు, వెడల్పు, మొత్తం వేశాను. చివరి గడి ప్రత్యేక విషయాలకు. అందరూ దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ట్రాక్టర్ల సంగతి రాయలేదు, ఎవరు తెచ్చారో రాయలేదు, డీఈ గారి ఊసు ఎత్తలేదు. 'ఈ మొత్తంలో కంకర రవాణా పూర్తిగా కలవలేదు. ఏటి అవతలి పనులకు దీన్ని పోలికగా వాడకూడదు' అని మాత్రం రాశాను.

సారు చూశారు. "ఇదేంటి, ఎందుకిది?" అన్నారు.

"నిజం కాబట్టండి."

"ఎలా తెలుసని అడిగితే?"

"లోడు టిప్పరు పంటు ఎక్కదు కాబట్టి తెలుసని చెబుతానండి. ఎక్కుతుందని ఎవరైనా అంటే వాళ్ళనే ఎక్కించి చూపించమంటాను."

ఆయన ఆ వాక్యాన్ని ఉంచమనలేదు, తీయమనీ అనలేదు. ఇంకో ఫైలు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. అదే ఏటి అవతల, ఇంకాస్త దిగువన ఒక లంక ఊరు. అక్కడా కూలిన వంతెనే. అర్జీలో ఆ ఊరివాళ్ళు కూడా తమది పట్నానికి చాలా దగ్గరని రాసుకున్నారు. ఆ ఊళ్ళో నాకు అక్కలు, బావలు ఎవరూ లేరు. ఈసారి కాలువలు కట్టేసే లోపు పై ఆఫీసుకు వెళ్ళి రావడానికి వ్యవధి ఉంది, ఈ రోజే మొదలుపెడితే. లీడ్ పేజీలో కంకరని పెద్ద వంతెన మీదుగా నడిపించాను. మొత్తం గీత దాటింది. దాటనిచ్చాను.